కొండలు కొలిచినవాళ్ళు, పాముల జాడ తెలిసినవాళ్ళు: చెన్నై చుట్టూ బాబాయితో

బుధవారం, కోట

మా బాబాయి నెల్లూరు జిల్లాలో సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. సంక్రాంతి రద్దీ తగ్గాక చెన్నై వస్తానన్నాడు. "మెరీనా, మాల్సు నాకొద్దబ్బయా, భూమి కొలిచినోళ్ళు తిరిగిన చోట్లు చూపించు" అని ఫోన్లోనే తేల్చేశాడు. నాకూ అలాంటి తిరుగుడే ఇష్టం. దానికి నేను అడవుల్ని కూడా కలిపాను. గిండీ నేషనల్ పార్కు ఊరి నడిబొడ్డున ఉండగా దాన్ని వదిలేయడం అన్యాయం.

పెరంబూరు నుంచి లోకల్ ట్రైన్లో సెంట్రల్, దాటితే పార్క్ స్టేషన్, అక్కణ్ణుంచి బీచ్ లైన్లో ఫోర్ట్ స్టేషన్. సెక్రటేరియట్ లోపలే ఉంది కాబట్టి గేటు దగ్గర ఆధార్ కార్డు చూపించాలి, సంచీ విప్పాలి.

సెయింట్ జార్జి కోట అనగానే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే పేరు చెబుతారు. 1639లో ఆయనకి ఈ ఇసుక మేట రాసిచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు మనవాడు. ఊరికి చెన్నపట్నం అన్న పేరు ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి మీద వచ్చింది. మధ్యలో మాట నడిపిన దుబాసీ బేరి తిమ్మన్న కూడా తెలుగువాడే. ఈ ముగ్గురి సంగతి తెలియకుండా కోటంతా తిరిగి వెళ్ళే తెలుగువాళ్ళు రోజూ వస్తుంటారు. నాకది బాధగానే ఉంటుంది.

సెయింట్ మేరీస్ చర్చి 1680 నాటిది. అమెరికాలో యేల్ యూనివర్సిటీకి పేరిచ్చిన ఎలీహూ యేల్ పెళ్ళి ఆ ఏడే ఇందులో జరిగింది. రాబర్ట్ క్లైవ్ పెళ్ళి 1753లో. నేల మీద పరిచిన సమాధి రాళ్ళ అక్షరాలు చదువుకుంటూ కాసేపు తిరిగాం. మ్యూజియంలో 1947 ఆగస్టు 15న కోట మీద ఎగిరిన జెండా ఉంది, అక్కడ బాబాయి చెప్పులు విడిచి నిలబడ్డాడు.

ఆయన అసలు వెతికింది మైకేల్ టాపింగ్ జాడ. టాపింగ్ ఈస్టిండియా కంపెనీకి ఖగోళ శాస్త్రజ్ఞుడు, సముద్ర తీరాల సర్వేయరు. 1794లో ఈ కోటలో సర్వే స్కూలు పెట్టించింది ఆయనే. అదే పెరిగి పెరిగి ఇవాళ్టి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. నుంగంబాక్కంలో ఆయన కట్టించిన అబ్జర్వేటరీ నల్లరాతి స్తంభం ఇప్పటికీ వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. 1792 అని చెక్కి, దాని మీద లాటిన్‌తో పాటు తమిళంలో, తెలుగులో కూడా రాయించారు.

టాపింగ్ కృష్ణా గోదావరి తీరాల్లో లెవెళ్ళు తీశాడు. నీళ్ళు మళ్ళిస్తే పొలాలు పండుతాయని కాటన్ దొర రావడానికి యాభై ఏళ్ళ ముందే చెప్పాడు. 1796లో మచిలీపట్నంలో జ్వరమొచ్చి పోయాడు. "కాటన్‌కి ఊరూరా విగ్రహముంది. ఈయనకి బందర్లో ఒక రాయన్నా ఉందా?" అన్నాడు బాబాయి.

గురువారం, ఎగ్మూరు మ్యూజియం

శుక్రవారం సెలవు కాబట్టి గురువారమే వెళ్ళాం. ఈ మ్యూజియాన్ని 1851లో మొదలుపెట్టిన ఎడ్వర్డ్ బాల్ఫర్ వృత్తిరీత్యా డాక్టరు. ఆవరణలో బతికున్న జంతువుల్ని పెడితే జనం ఎక్కువగా వస్తున్నారని గమనించి, కర్ణాటక నవాబు (ఆర్కాటు నవాబు) దగ్గరున్న జంతువుల్ని అడిగి తెప్పించి, 1855లో ఇక్కడే జూ పెట్టాడు. తర్వాత అది పీపుల్స్ పార్కుకి, 1985లో వండలూరుకి వెళ్ళింది. బుద్ధుడి శిల్పాలూ పులులూ ఒకే ప్రహరీ లోపల ఉన్న కాలం అది.

అమరావతి గ్యాలరీలో రెండు గంటలు గడిపాం, అయినా చాల్లేదు. పల్నాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ ఛాయ. వీటి మధ్య ఒక గుండ్రటి పలక ఉంది: నాలగిరి ఏనుగును బుద్ధుడు లొంగదీసుకోవడం. చూసేవాళ్ళకి నా మనవి, దీని ముందు కనీసం పది నిమిషాలు నిలబడండి. ఎడమ పక్క ఏనుగు వీధిలో పడి రెచ్చిపోతోంది, తొండంతో ఒక మనిషిని పట్టి లాగుతోంది, జనం చెల్లాచెదురవుతున్నారు. అదే పలకలో కుడి పక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి ఉంది. పైన మేడల కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. ముందు జరిగిందీ, తర్వాత జరిగిందీ ఒకే రాతిలో, ఒకే వీధిలో. చెక్కినవాడు వీధిని బాగా ఎరిగిన మనిషి.

ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయన్నది పెద్ద కథ. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తూ దిబ్బ తవ్విస్తే రాళ్ళు బయటపడ్డాయి. ఆ కబురు విని కల్నల్ కాలిన్ మెకంజీ వచ్చాడు. ఆయనా సర్వేయరే, 1815లో ఇండియా మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1816లో మళ్ళీ మనుషుల్ని పెట్టి బొమ్మలు గీయించాడు. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి రాళ్ళని మద్రాసుకి పంపించాడు. వాటిలో చాలా భాగం 1859లో లండన్ వెళ్ళిపోయాయి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవీ, తర్వాత రాబర్ట్ సూయెల్, జేమ్స్ బర్జెస్, అలెగ్జాండర్ రే తవ్వకాల్లో దొరికినవీ ఇక్కడ చూస్తున్నాం. 1892లో భట్టిప్రోలులో రే తవ్వినప్పుడు దొరికిన ధాతు కరండాలూ (ధాతువులు దాచిన భరిణెలు) ఈ మ్యూజియానికే చేరాయి.

మెకంజీకి తెలుగు రాదు. ఊరూరా కరణాల దగ్గర కూర్చుని కైఫీయతులు, అంటే ఊళ్ళ చరిత్రలు, రాయించినది, శాసనాలు నకలు తీసినది ఆయన కింద పనిచేసిన పండితులు. వాళ్ళలో ముందు చెప్పుకోవలసింది ఏలూరు కావలి అన్నదమ్ములు, వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య. బొర్రయ్య 1803లో ముప్పై ఏళ్ళు నిండకుండానే పోయాడు. ఈ దేశపు విద్యలోకి తనకి తలుపు తెరిచింది ఆ కుర్రవాడేనని మెకంజీ తర్వాత ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. పని అందుకున్న లక్ష్మయ్య మెకంజీ చనిపోయాక తానే ఆ సేకరణ కొనసాగిస్తానని ముందుకొచ్చాడు. కంపెనీ ఒప్పుకోలేదు. ఆ కాగితాలు పురుగులు తినకుండా మిగిలి మనదాకా వచ్చాయంటే సి.పి. బ్రౌన్ శుభ్రంగా నకళ్ళు రాయించడం ఒక కారణం. మన ఊళ్ళ స్థలపురాణాలు, పన్నుల లెక్కలు, చెరువులు తవ్వించినవాళ్ళ పేర్లు ఈ రోజుకీ ఆ కైఫీయతుల్లో దొరుకుతున్నాయి.

1816లో థామస్ హిక్కీ మద్రాసులో మెకంజీ బొమ్మ గీశాడు. ఎర్రకోటు దొర చుట్టూ ముగ్గురు భారతీయులు. ఒకరి చేతిలో తాటాకు పుస్తకం, ఇంకొకరి చేతిలో దూరదర్శిని. అది లండన్లో ఉంది. ఫోన్లో తీసి చూపిస్తే బాబాయి మెకంజీని వదిలేసి, దూరదర్శిని పట్టుకున్న మనిషిని పెద్దది చేసి చూశాడు. "మా ఆఫీసులో గొలుసు పట్టే చైన్‌మన్ నరసయ్య ఇట్టాగే నిలబడేవాడు. ఏ రాయి ఎక్కడుందో వాడికి తెలుసు, మ్యాపు మీద సంతకం నాది."

శుక్రవారం, పరంగిమలై, పల్లావరం

సెయింట్ థామస్ మౌంట్‌ని ఇక్కడివాళ్ళు పరంగిమలై అంటారు. మూడు వందల అడుగుల గుట్ట. పైన పోర్చుగీసువాళ్ళు 1523లో కట్టిన చర్చి. మెట్లెక్కి వెళితే చర్చి వెనక చెన్నై ఎయిర్‌పోర్టు రన్‌వే బారుగా కనిపిస్తుంది.

విలియం లాంబ్టన్ విగ్రహం పైన ఒక మూలన ఉంది. ఉత్త తల, భుజాలు. చర్చికి వచ్చేవాళ్ళు దాని పక్కన నిలబడి విమానాలకి ఫొటోలు తీసుకుంటున్నారు. మా బాబాయి మాత్రం దణ్ణం పెట్టాడు.

1802 ఏప్రిల్ 10న లాంబ్టన్ ఈ గుట్ట దగ్గర్నుంచి దక్షిణంగా దాదాపు ఏడున్నర మైళ్ళ గీతను కొలవడం మొదలుపెట్టాడు. దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా కొలిచిన మహా సర్వేకి అది ఆధారరేఖ. ఒక భుజం పక్కాగా తెలిస్తే మిగతావన్నీ కోణాలతో కట్టొచ్చు. ఆ ఒక్క భుజంలో అంగుళం తప్పితే వెయ్యి మైళ్ళ అవతల ఎంత తేడా వస్తుందో ఊహించుకోండి. గొలుసు ఉక్కుది, నూరడుగులు, రెండున్నర అడుగుల కడ్డీలు నలభై. ఇంగ్లీషువాళ్ళు చైనా చక్రవర్తికి కానుకగా తీసుకెళితే ఆయన వద్దన్న సామానులోది, తిరిగి తిరిగి ఇక్కడికి చేరింది. ఎండకి ఉక్కు సాగుతుంది కాబట్టి గొలుసుని నేల మీద పడేయకుండా, ముక్కాలి పీటల మీద నిలబెట్టిన చెక్క తొట్లలో పరిచి, పక్కన థర్మామీటర్లు పెట్టి, లెక్క సవరించుకునేవారు. అదీ మద్రాసు ఏప్రిల్, మే నెలల్లో.

బాబాయి వాడింది గంటర్ గొలుసు, అరవయ్యారు అడుగులు, నూరు లింకులు. మైలుకి ఎనభై గొలుసులు. "ఏడున్నర మైళ్ళంటే నా గొలుసుతో ఆరు వందలు. మేము నేల మీద బరబరా ఈడ్చి సాయంత్రానికి అయిందనిపించేవాళ్ళం. ఈ మహానుభావుడు ఒక్కో గొలుసుకి ఎండని కూడా లెక్కలో కట్టాడు" అన్నాడు. లాంబ్టన్ ఇరవై ఏళ్ళు ఈ పని మీదే దక్షిణాది అంతా తిరిగి, 1823లో మధ్య భారతంలో హింగన్‌ఘాట్ దగ్గర గుడారంలోనే పోయాడు. ఆయన దగ్గర పనిచేసిన జార్జి ఎవరెస్టు పేరు హిమాలయ శిఖరానికి పెట్టారు. ఆ శిఖరం ఎత్తు లెక్క కట్టినది బెంగాలీ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్‌దార్. మొదలుపెట్టిన మనిషికి ఈ గుట్ట మీద ఒక తల మిగిలింది. అదయినా ఉంది, సంతోషం.

అక్కణ్ణుంచి పల్లావరం నాలుగే స్టేషన్లు. శుక్రవారం అక్కడ పెద్ద సంత. పాత ఫ్యాన్లు, కుక్కపిల్లలు, మొక్కలు, తుప్పు పట్టిన పనిముట్లు, అన్నీ దొరుకుతాయి. బాబాయి ఒక ఇత్తడి లంబం బేరమాడి కొన్నాడు.

రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడికి 1863 మే 30న ఇదే పల్లావరంలో, కంటోన్మెంటు మైదానం దగ్గర కంకర గోతిలో, చేత్తో చెక్కిన ఒక రాతి గొడ్డలి దొరికింది. ఇండియాలో పాతరాతి యుగపు మనిషి ఉన్నాడని రుజువైంది ఆ రాయితోనే. ఆ సెప్టెంబరులోనే అత్తిరంపాక్కంలో ఇంకా దొరికాయి. అత్తిరంపాక్కంలో శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ ఏళ్ళ తరబడి తవ్వి, అక్కడి అడుగు పొరల పనిముట్లు పదిహేను లక్షల ఏళ్ళ నాటివని 2011లో ప్రకటించారు. ఫుట్ మన నంద్యాల జిల్లా (అప్పటి కర్నూలు జిల్లా) బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు కూడా 1884లో తవ్వాడు, కొడుకు హెన్రీ తోడున్నాడు. పల్లావరంలో ఆ గోతి దగ్గర మాత్రం ఇదీ చోటు అని చెప్పే బోర్డు మాకు కనబడలేదు. సంతకి వచ్చినవాళ్ళని అడిగితే ఎయిర్‌పోర్టుకి దారి చూపించారు.

శనివారం, గిండీ

గిండీ నేషనల్ పార్కు మొత్తం 2.7 చదరపు కిలోమీటర్లు. దేశంలోని అతి చిన్న నేషనల్ పార్కుల్లో ఒకటి, 1978లో ప్రకటించారు. ఇది ముందు గవర్నరు బంగళా అడవి. ఇందులోంచే రాజ్‌భవన్, ఐఐటీ, గాంధీ మండపం, రాజాజీ, కామరాజ్ స్మారకాలు, క్యాన్సర్ ఆసుపత్రి చీల్చుకున్నారు. మామూలుగా మనల్ని రానిచ్చేది పిల్లల పార్కు వరకే. అడవి లోపలికి అటవీ శాఖ అనుమతి కావాలి. కంచె పక్క నుంచే చుక్కల దుప్పులు కనబడ్డాయి. కృష్ణజింకలకి చెట్లు కాదు, పచ్చిక బయలు కావాలి. బయళ్ళలో చెట్లు పెరిగిపోతే అవి నిలవవు.

ఈ మాట గట్టిగా చెప్పినవాళ్ళలో ప్రకృతి రచయిత ఎం. కృష్ణన్ ఒకడు. 1912లో పుట్టి 1996లో పోయాడు, మైలాపూరులో ఉండేవాడు. ఎక్కడివో చెట్లు తెచ్చి అడవుల్లో నాటొద్దని జీవితాంతం పోట్లాడాడు. సొంతంగా అతుకులు పెట్టి కట్టుకున్న పెద్ద కెమెరాతో నలుపు తెలుపుల్లోనే ఫొటోలు తీశాడు. కలకత్తా స్టేట్స్‌మన్ పత్రికలో 1950 నుంచి చనిపోయేదాకా ప్రకృతి మీద కాలమ్ రాశాడు. పులుల ప్రాజెక్టు కమిటీలో కూర్చుని కూడా ఎవరికీ జడవకుండా మాట్లాడినవాడు. గిండీని చూడ్డానికి వచ్చే బడిపిల్లలకి ఆయన ఫొటో ఒక్కటి గేటు దగ్గర పెట్టి చూపించాలని నా కోరిక.

పక్కనే పాముల పార్కు. రోములస్ విటేకర్ 1972లో ఇక్కడికి తెచ్చి నిలబెట్టాడు. అమెరికాలో పుట్టి చిన్నప్పుడే ఇండియా వచ్చిన మనిషి. అదే ఏడు వచ్చిన వన్యప్రాణి చట్టంతో పాము తోళ్ళ వ్యాపారం క్రమంగా ఆగిపోయింది. మంచిదే. అయితే పాములు పట్టి ఆ తోళ్ళ మీద బతికే ఇరుళర్ తెగవాళ్ళ సంగతేమిటి? దానికి జవాబు మర్నాడు చూశాం.

సాయంత్రం గిండీ ఇంజనీరింగ్ కాలేజీ ఎర్ర భవనం బయట నుంచి చూశాం. నాగార్జునసాగర్ ఇంజనీరు కె.ఎల్. రావు చదివింది ఇక్కడే. టాపింగ్ స్కూలు ఇదేనని చెబితే బాబాయి గేటు ముందు ఫొటో తీయించుకున్నాడు.

ఆదివారం, వడనెమ్మేలి

ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద నలభై కిలోమీటర్లు. 1976లో విటేకర్, జాయ్ విటేకర్ మొదలుపెట్టిన మొసళ్ళ బ్యాంకు అక్కడే ఉంది. మొసళ్ళు ఒడ్డున నోళ్ళు తెరుచుకుని పడుకుని ఉన్నాయి. వాటి గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే మేము వెళ్ళింది ఆ ఆవరణలోనే ఉన్న ఇరుళర్ల సహకార సంఘానికి.

1978లో పెట్టిన ఈ సంఘం పాము తోలు బదులు విషం అమ్ముతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగే. దేశంలో పాముకాటు మందు తయారీకి కావలసిన విషంలో పెద్ద వాటా చాలాకాలంగా వీళ్ళ చేతుల మీదుగా వెళుతోంది. మట్టికుండల్లో ఇసుక పోసి పాముల్ని ఉంచుతారు, మూతికి నూలుగుడ్డ కడతారు. కుండ మీద ఎప్పుడు పట్టిందీ రాసి ఉంటుంది. ఒకతను కొక్కెంతో రక్తపింజరను మెల్లగా పైకి తీసి, తల వెనక రెండు వేళ్ళతో పట్టి, పల్చటి పొర బిగించిన గాజుపాత్ర అంచుకి దాని కోరలు ఆనించాడు. పసుపు రంగు చుక్కలు రెండు అడుగున పడ్డాయి. అంతే. వారానికోసారి, నాలుగు సార్లు తీశాక, పొట్ట కింది పొలుసు ఒకటి గుర్తుగా కత్తిరించి, పాముని మళ్ళీ వదిలేస్తారు. ఆ గుర్తున్న పాము వెంటనే మళ్ళీ దొరికితే పట్టరు.

ఈ సంఘంవాళ్ళే వడివేల్ గోపాల్, మాసి సడైయన్. 2017లో అమెరికా ఫ్లోరిడా వాళ్ళు ఈ ఇద్దర్నీ పిలిపించారు. అక్కడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవుల్లో ఎక్కడినుంచో వచ్చిపడ్డ బర్మా కొండచిలువలు కుందేళ్ళనీ పిట్టల్నీ మింగేస్తుంటే, ఎంత వెతికినా దొరకక అక్కడివాళ్ళు తలలు పట్టుకున్నారు. వీళ్ళు మొదటి ఎనిమిది రోజుల్లో పదమూడింటిని పట్టారు. కీ లార్గోలో పట్టిన ఒక్కటే పదహారు అడుగులు. కారులో రోడ్డు మీద వెతకడం మానేసి, గడ్డిలోకి నడిచి, పాకిన గీత, రెట్ట, విడిచిన కుబుసం చూసి పట్టారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. విటేకర్‌కి 2018లో వచ్చింది.

బాబాయి ఆ కొక్కెం మనిషిని చాలాసేపు మాట్లాడించాడు. తమిళం సగం, తెలుగు సగం. నెల్లూరు యానాదుల గురించి చెప్పాడు, పొలాల్లో ఎలక బొక్కల జాడ చూసి ఇది కొత్తది, ఇది పాతది అని చెప్పేస్తారని. ఆ మనిషి నవ్వి, మావాళ్ళూ అంతేనని చెప్పాడు. బయటికొచ్చాక బాబాయి అన్నాడు: "నరసయ్య కూడా యానాదేరా. సరిహద్దు రాయి మట్టిలో పూడిపోతే కాలితో తట్టి ఇక్కడ తవ్వండి సార్ అనేవాడు. ముప్పయ్యేళ్ళలో ఒక్క రిపోర్టులోనూ వాడి పేరు రాయలేదు, రాసే కాలమే లేదు. ఈళ్ళకి ఢిల్లీలో పేరు పెట్టి పిలిచి ఇచ్చారే, అది మంచి పని." 

మహాబలిపురం అక్కడికి దగ్గరే. ఆదివారం జనంలో రథాలు చూసి, చేపల పులుసుతో అన్నం తిని వెనక్కి వచ్చాం.

సోమవారం, వేడంతాంగల్

చెన్నైకి దాదాపు ఎనభై కిలోమీటర్లు, మధురాంతకం దగ్గర. ముప్పై హెక్టార్ల చెరువు, నీళ్ళలో నిలబడ్డ చెట్లు, వాటి నిండా గూళ్ళు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు. మా నేలపట్టుకి వచ్చే పిట్టలే ఇవీ. కట్ట మీద నిలబడితే గోల చెవుల్ని నింపేస్తుంది.

ఇక్కడ తలుచుకోవలసిన దొర లియొనెల్ ప్లేస్, చెంగల్పట్టు కలెక్టరు. పిట్టల్ని కాల్చడానికి వచ్చే సోల్జర్ల మీద ఊరివాళ్ళు ఫిర్యాదు చేస్తే, ఆయన 1798లో ఆ పిట్టల్ని కాపాడుకునే హక్కు ఊరిదేనని కౌలు (హామీ పత్రం) రాసిచ్చాడు. ఊరికి దీనిలో లాభముంది: రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువు. దేశంలో పక్షుల రక్షణకి ఇంత పాత కాగితం ఇంకొకటి చెప్పుకోవడం అరుదు. ఆ దొర పేరు పుస్తకాల్లో ఉంది. ఆయన కచేరీకి నడిచి వెళ్ళి అడిగిన రైతుల పేర్లు మాకు ఎక్కడా దొరకలేదు.

1998లో చెరువు చుట్టూ ఐదు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. పిట్టలు గూడు ఇక్కడ కడతాయి, మేతకి చుట్టుపక్కల చెరువులకీ పొలాలకీ పోతాయి, అందుకని. 2020లో ఆ హద్దు కుదించాలన్న ప్రతిపాదన వస్తే పెద్ద వ్యతిరేకత లేచింది. బాబాయి వెంటనే అడిగింది, ఆ ఐదు కిలోమీటర్లకి ఎల్లరాళ్ళు ఎక్కడ పాతారని. కట్ట మీద కాపలా ఉన్న పెద్దాయన చెయ్యెత్తి నాలుగు దిక్కులా చూపించి, అదిగో ఆ చెరువు, ఆ తోపు, ఆ రోడ్డు అని ఊళ్ళ పేర్లతో సహా చెప్పుకుంటూ పోయాడు. బాబాయి జేబులోంచి డైరీ తీసి, ముందు ఆయన పేరు అడిగి రాసుకుని, తర్వాత ఆ ఊళ్ళ పేర్లు వరసగా రాసుకున్నాడు. మధ్యాహ్నం కరికిలి మీదుగా ఆ దారినే కారు పోనిచ్చి, ఆయన చెప్పిన చెరువులు చాలావరకు చూసి, రాత్రికి మాధవరంలో నెల్లూరు బస్సు ఎక్కించాను.